పిల్లినిచ్చిన మామ

నిన్న కొట్లో కందిపప్పు తూస్తుంటే, కొనడానికొచ్చిన ఆటో ఆయన చెప్పాడు: "కండక్టరు సాయిబు గారు పోయారంటండీ, తెల్లారుజామున."

నేను వెంటనే నమ్మలేదు. కాటా మీద పప్పు అలాగే వదిలేసి అతని ముఖంలోకి తేరిపార చూశాను. ఈ మనిషిని ఆయనే పంపలేదు గదా? నేను 'అయ్యో' అంటానో 'అమ్మయ్య' అంటానో చూసి రమ్మన్నాడేమో? ఆయన చేయని పని కాదది. ఒకసారి ఎవరో కొత్త మనిషి వచ్చి, మినప్పప్పు ధర అడిగి, పోతూ పోతూ "మీ దగ్గర నల్లపిల్లి ఉందంటగా, ఎంతకిస్తారు?" అన్నాడు. అమ్మేది కాదని కసిరి పంపేశాను. ఆ సాయంత్రం ఆయన మా కొట్టు ముందు సైకిలాపి, దిగకుండానే, "పాసయ్యావులే" అని తొక్కుకుంటూ వెళ్ళిపోయాడు.

ఈసారి పరీక్ష కాదు. నిజంగానే పోయాడు.

నాకు ఇద్దరు మామలు. ఒకరు పిల్లనిచ్చిన మామ, ఇంకొకరు పిల్లినిచ్చిన మామ. అక్షరాల్లో చూస్తే తేడా ఒక్క గుడి. ఆ గుడి పెట్టింది మాత్రం ప్రతి శుక్రవారం మసీదుకెళ్ళే మనిషి. పిల్లనిచ్చిన మామ పెళ్ళయిన మర్నాడు నా భుజం తట్టి "ఇక మీ ఇష్టం బాబూ" అన్నాడు. అంతే, ఇన్నేళ్ళలో ఒక్క ప్రశ్న వేయలేదు. పిల్లినిచ్చిన మామ ఊపిరున్నంతకాలం ప్రశ్నలు మానలేదు. మా నాన్న ఆయన్ని 'బావా' అని పిలిచేవాడు, నాకు మామ వరస అలా వచ్చింది. నాన్న పోయాక వరస మాత్రమే మిగిలింది. పిల్లి వచ్చాక అది బంధుత్వమై కూర్చుంది.

ఆయన మా నరసరావుపేటలోనే బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. వినుకొండ, మాచర్ల రూట్లు. రిటైరైన సంగతి ఆయన కాళ్ళకు మాత్రం ఎవరూ చెప్పినట్టు లేదు. కదలని నేల మీద కూడా కాళ్ళు రెండూ ఎడంగా పెట్టి, ఏ క్షణాన బ్రేకు పడినా కాచుకుంటానన్నట్టు నిలబడేవాడు. కరెంటు బిల్లు గానీ శుభలేఖ గానీ ఏ కాగితం చేతికొచ్చినా నిలువునా మడిచి వేళ్ళ సందున ఇరికించుకునేవాడు. మాట్లాడేటప్పుడు ఎదుటివాడి ముఖం చూసేవాడు కాదు, చేతులు చూసేవాడు. "మొకానికి అబద్ధాలు చెప్పటం తెలుసు. చేతులకి అంత చదువు లేదు" అనేవాడు. దాంతో ఆయన ఎదుట నా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలిసేది కాదు. జేబులో పెట్టుకుంటే ఏదో దాస్తున్నట్టు, కట్టుకుంటే తప్పు చేసినట్టు ఉండేది.

చిన్నప్పటినుంచీ ఎరిగిన మనిషే అయినా, ఆయన అసలు రూపం నాకు తెలిసింది ఒక గోతం వల్ల. స్కూటరు మీద కాళ్ళ దగ్గర మినుముల గోతం పెట్టుకుని పోతున్నాను. ఆయన సైకిలు అడ్డం పెట్టాడు.

"బండాపు."

"ఏంది మామా?"

"గోతంలో ఏందది?"

"మినుములు."

"మినుములైతే కదులుతన్నాయేంది?"

"రోడ్డు అట్టా ఉంది మామా. నేను గూడా కదులుతన్నా."

"యవ్వారాలొద్దు. ముడిప్పు."

నడిబజార్లో ముడి విప్పాను. ఆయన మోచేతి దాకా చెయ్యి దూర్చి, అడుగు నుంచి కలియబెట్టి, గుప్పెడు తీసి ఎండలో పెట్టి చూశాడు. "పుచ్చులున్నయ్," అన్నాడు. "సరే, పో." గోతంలో పిల్లి లేదన్న సంగతి ఆయనకొక్కడికే తేలింది. నా సరుకులో పుచ్చులున్న సంగతి చుట్టూ మూగిన అందరికీ తేలింది.

ఆ అనుమానానికి మూలం ఉంది. మా వైపు పిల్లిని వదిలించుకోవడానికి ఒక పద్ధతుంది. చంపితే మహాపాపం, బంగారు పిల్లిని చేయించి దానమిచ్చినా పోదంటారు. అందుకని గోతంలో వేసి, మూతి కట్టి, దిక్కు తెలియకుండా గిరగిరా తిప్పి, పక్క ఊరి పొలిమేరలో వదిలేస్తారు. అందులో పాపం లేదట. బస్సులొచ్చాక పొలిమేర దాకా నడిచే శ్రమ కూడా తప్పింది. గోతం సీటు కింద తోసి మధ్యలో దిగిపోతే చాలు, మిగతా దూరం బస్సే మోసుకుపోతుంది.

మొదటిసారి వినుకొండ బస్టాండులో బస్సు ఖాళీ అయ్యాక సీటు కింద గోతం కదిలితే, ఎవరో పందెంకోడిని మరిచిపోయారనుకుని చెయ్యి పెట్టాడట. మణికట్టు మీద ఆ గీరలు ఎప్పటికీ పోలేదు. ఆ పిల్లి ఆయనతో ఇంటికొచ్చింది. తర్వాత రొంపిచర్లలో ఎవరో ఎక్కించినది, గురజాల వైపు నుంచి పిల్లలతో సహా వచ్చిన తల్లి, అలా వస్తూనే ఉన్నాయి. "టికెట్ లేకండా నా బస్సెక్కినయ్యన్నీ నా ఇంటికాడే దిగినయ్" అనేవాడు. ఆయనకు అన్నిటికంటే కోపం తెప్పించేది గాలాడటానికి చిల్లులు పెట్టి కట్టిన గోతం. "చిల్లులు పెట్టనోడు మూర్ఖుడు, వాణ్ణి ఒదిలెయ్. చిల్లులు పెట్టినోడికి లోపల ప్రాణం ఉందని తెలుసు. తెలిసే ఒదిలాడు. నాకు మంచోళ్ళంటేనే భయం."

నేను చూడటానికి మంచివాణ్ణే. అందుకే మొదట్నుంచీ నా మీద అనుమానం కాస్త ఎక్కువ.

మా గోడౌన్‌లో ఎలుకలు పడ్డాయి. నా పప్పు వ్యాపారంలో నికరంగా బాగుపడింది అవే. పిల్లిని తెద్దామని మా ఆవిడ అంటే, అమ్మ ఒప్పుకోలేదు.

"పొద్దున్నే కొట్టు తెరవబొయ్యే మనిషికి పిల్లి ఎదురైతే బోణీ ఏమవ్వాలే?"

"రోజూ ఎలకలు ఎదురవుతన్నయ్ గదత్తయ్యా, బోణీ బాగవుతందా?" అంది మా ఆవిడ.

ఇద్దరం కలిసి ఆయన ఇంటికి వెళ్ళాం. లోపలికి రమ్మనలేదు. అరుగు మీద కూర్చోబెట్టాడు. గోడ మీద ఒకటి, సైకిలు సీటు మీద ఒకటి, నీళ్ళ డ్రమ్ము మూత మీద ఒకటి పిల్లులు కూర్చుని, అవి కూడా మమ్మల్నే చూస్తున్నాయి.

"ఎలకల కోసమా, పిల్లి కోసమా?" అన్నాడు.

నేను తెలివిగా "రెండిటికీ" అన్నాను.

"ఎలకలు అయిపోయినాక?"

నా తెలివి కూడా అక్కడితో అయిపోయింది.

"మీ ఇంట్లో నీచు వండరు గదా షావుకారూ, దానికేం పెడతావు?" నా మీద అనుమానం వచ్చినప్పుడు నేను షావుకారుని. మామూలప్పుడు అల్లుణ్ణి. అల్లుణ్ణయిన సందర్భాలు తక్కువ.

"పాలు పోస్తాం మామా. పెరుగన్నం..."

"పాలు తాగి పందికొక్కుల్ని పట్టిద్దా? నువ్వు మజ్జిగ తాగి మూటలెత్తుతావా?"

"గుడ్డు ఉడకేసి పెడతానండీ," అంది మా ఆవిడ.

నేను ఉలిక్కిపడ్డాను. మా ఇంటి గడప లోపల గుడ్డు అంటే కంటిగుడ్డే గానీ కోడిది కాదు.

"యాడ ఉడకేస్తావమ్మాయ్? మీ అత్త పొయ్యి మీదా?"

"గోడౌన్‌లో. వేరే స్టవ్వు పెట్టుకుంటా."

ఆయన అప్పుడు మొదటిసారి ఆమె చేతుల వంక చూశాడు. కర్టెన్ వెనక నుంచి అత్తయ్య, అంటే ఆయన భార్య, కేకేసింది: "ఇచ్చెయ్యరాదా! అడిగి అడిగి వాళ్ళ ప్రాణం తీస్తన్నావు."

"నువ్వూరుకో. ముప్పాళ్ళ ఊరాయన వచ్చినప్పుడు గూడా ఇట్టాగే అన్నావు. ముద్దుగా ఉందని తీసకపోయాడు. పెరిగి పెద్దదయ్యేతలికి ముద్దు తీరింది. మళ్ళా బస్టాండ్లో ఏరుకొచ్చింది ఎవరు? నేనా నువ్వా?"

మళ్ళీ మా వైపు తిరిగాడు. సూదులు వేయించాలి. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాలి. పశువుల ఆసుపత్రికి నేనే ఎత్తుకుపోవాలి, గుమాస్తాను పంపితే ఒప్పుకోడు. "లేదంటే మీ గోడౌను పిల్లుల డిపో అయిపోద్ది. అప్పుడు గోతం ఎతుక్కుంటావు." అన్నిటికీ తలూపాను. బాగా వేగంగా ఊపానేమో, ఆగి అడిగాడు:

"నీ జుట్టు తెల్లబడిందాకా బతికిద్ది. ముసలిదై, కళ్ళు ఆనక, నీ పప్పు గోతం మీదే ఉచ్చపోసిద్ది. ఆ రోజు గూడా నీదేనా?"

"మామా, నాకు పిల్లనిచ్చేటప్పుడు గూడా ఇన్ని అడగలేదు."

"అందుకేగా ఆ అమ్మాయి నీ పాలబడింది," అన్నాడు నవ్వకుండా.

లోపలికెళ్ళి ఒక పిల్లిపిల్లను తెచ్చాడు. పొట్టు తీయని మినుములా కారునలుపు. వ్యాపారస్తుడి ఇంటికి నల్లపిల్లి! గోడ మీద ఒక తెల్లది ఉంది. నా చూపు అటు పోవడం ఆయన చూడనే చూశాడు.

"నల్లదాన్ని తీసకపొయ్యేవోడు పిల్లిని తీసకపోతాడు. తెల్లది కావాలన్నోడు రంగును తీసకపోతాడు. రంగు కావాలంటే సున్నం కొనుక్కో."

మా ఆవిడ నల్లదాన్ని ఒళ్ళోకి తీసుకుంది. మేం లేస్తుంటే వెనక నుంచి అన్నాడు: "ఇచ్చాననుకోబాకండి. చూస్తా."

చూశాడు. శుక్రవారం సాయంత్రం నమాజు కాగానే తనిఖీ మా ఇంటికే. అదే వేళకు మా అమ్మ గడపకు పసుపు రాసి, లక్ష్మి వచ్చే వేళని తలుపు బార్లా తీసి పెట్టేది. ఆ తీసిన తలుపు ఎదురుగా, లక్ష్మికి బదులు, కాళ్ళు ఎడంగా పెట్టుకుని ఆయన. నీళ్ళ గిన్నెలో వేలు ముంచి చూసేవాడు. పిల్లి డొక్కలు తడిమేవాడు. మేం చెప్పే మాట నమ్మేవాడు కాదు. "మీరాగండి, దాన్నడుగుతా" అని, ఉన్నట్టుండి చెయ్యి పైకెత్తేవాడు. పిల్లి బెదిరితే ఇంట్లో ఎవరో కొడుతున్నట్టు లెక్క. మినుము (మా ఆవిడ పెట్టిన పేరు) బెదిరేది కాదు. నేను బెదిరేవాణ్ణి.

ఆయనకు మా మీద ఎంత అనుమానమో, మా అమ్మకు ఆయన మీద అంత. "పిల్లి కోసం ఎవడన్నా వారం వారం వస్తాడంట్రా? ఇల్లు ఎట్టా ఉందో చూసుకుంటన్నాడు" అని, శుక్రవారం మధ్యాహ్నం కాగానే వెండి కుందులు లోపల పెట్టేది. లక్ష్మిని పిలిచి, దీపాలు దాచే ఇల్లు మాదొక్కటే అయ్యుంటుంది.

ఊరికి నా మీద అనుమానం మొదలైంది. గుడ్లు మా బజార్లో కొనలేక ఊరి ఆ చివర కొనేవాణ్ణి. సంచి లోపల సంచిలో పెట్టుకుని తెస్తుంటే మా వాళ్ళెవరో చూశారు. పెళ్ళి విందులో ఒక పెద్దాయన నా పక్కన కూర్చుని, మెల్లగా, "ఒంట్లో బాగుండట్లేదా? డాక్టరు చెప్పాడా?" అన్నాడు. "పిల్లికండీ" అన్నాను. ఆయన నా చెయ్యి నొక్కి, "అందరం అట్టాగే చెప్పుకుంటాంలే" అన్నాడు. పిల్లి పేరు చెప్పుకుని గుడ్లు తింటున్నానన్న కీర్తి నాకు ఇప్పటికీ ఉంది.

ఇలా జరుగుతుండగా ఒక రోహిణి కార్తెలో నంద్యాలలో మా తోడల్లుడి ఇంట పెళ్ళి వచ్చింది. ముగ్గురం బయల్దేరాం. పెళ్ళికి పోతూ గడప దాటేవేళ, మినుము సరిగ్గా గడప ముందు కూర్చుని ఒళ్ళు నాక్కుంటోంది. ఎటు లేచినా ఎదురే. అమ్మ కర్ర తీసుకుని అదిలించి, దాన్ని పక్కనున్న గోడౌన్‌లోకి తోలింది. మేం గడప దాటాం. ఆటో వచ్చింది. నేను షట్టరు దించి తాళం వేశాను. రైలెక్కాం.

వినుకొండ దాటాక అమ్మ పులిహోర పొట్లం విప్పుతూ, నిమ్మళంగా అంది: "మొత్తానికి ఏదీ ఎదురు రాకుండా బయటపడ్డాం. దాన్ని గోడౌన్లో తోలి మంచిపని చేశా. ఆనక నువ్వు బయటికి ఒదిలావు గదే?"

మా ఆవిడ చెయ్యి ఆకు మీద ఆగిపోయింది. "మీరొదిలారనుకున్నా అత్తయ్యా."

ఇద్దరూ నా వైపు చూశారు.

"నేను తాళం వేశాను," అన్నాను.

గోడౌన్‌కు పైన రేకులు. లోపల నీళ్ళు లేవు. కిటికీ లేదు. తాళంచెవి నా జేబులో, నంద్యాల వైపు పోతోంది. రైలు కిటికీలోంచి కొడుతున్న గాలే ముఖం కాలుస్తోంది. మా ఆవిడ ఫోను తీసి నా చేతిలో పెట్టింది. ఫోను చేయదగిన మనిషి ఒక్కడే. చేయడానికి నేను భయపడే మనిషీ ఆయనే.

ఆయన అంతా విన్నాడు. "తాళం ఎవరికాడుంది?"

"నా దగ్గరే మామా."

"యాడున్నావు?"

"వినుకొండ దాటాం."

"బాగా పోతన్నావ్," అని పెట్టేశాడు.

తర్వాత వచ్చిన ఫోను మా ఎదురు కొట్టు, ఇనుప సామాన్ల ఆయనది. "ఏమయ్యా, సాయిబొకాయన తాళాలు కోసేవాణ్ణి ఎంటేసుకొచ్చి మీ గోడౌన్ తాళం కోయిస్తన్నాడు. అడిగితే 'నా అల్లుడిది' అంటన్నాడు. నువ్వు సాయిబుకి అల్లుడివి ఎప్పుడయ్యావ్? పోలీసులకు చెప్పమంటావా?"

"కోయనివ్వండి. లోపల పిల్లి ఉంది."

"పిల్లి కోసం తాళం కోయిస్తావా? ఎవరన్నా పక్కనుండి బెదిరిస్తన్నారా నిన్ను? అవునంటే దగ్గు."

దురదృష్టవశాత్తు పులిహోరలో మిరపకాయ అప్పుడే గొంతుకు అడ్డం పడింది. దగ్గాను.

వీధి వీధంతా ఆయన చుట్టూ మూగింది. ఆయన అరవడం ఫోన్‌లో నాకు వినిపిస్తోంది: "స్పీకర్లో పెట్టండయ్యా! షావుకారూ, నీ నోటితో చెప్పు, అందరికీ ఇనపడేట్టు!" నేను రైలంతా వినపడేట్టు చెప్పాను. తాళం తెగిన చప్పుడు, షట్టరు లేచిన చప్పుడు వినిపించాయి. తర్వాత ఎంతసేపటికీ మాటల్లేవు. ఆపైన గొంతు బొంగురుపోయిన మ్యావు ఒకటి. మా ఆవిడ ఎదురు సీటువాళ్ళ ముందే భోరుమంది. అమ్మ పులిహోర పొట్లం మళ్ళీ కట్టేసింది.

మిగిలింది ఎదురు కొట్టు ఆయనే తర్వాత చెప్పాడు. కొత్త తాళం వేయించి, పిల్లిని సంచిలో పెట్టుకుని బయల్దేరిన ఆయన్ని జనం ఆపారట. సంచి విప్పమన్నారట. ఊరందరి గోతాలు విప్పించిన మనిషి మారుమాట లేకుండా సంచి విప్పి చూపించాడట. ఎవరో నొచ్చుకుని "ఏమనుకోబాకండి" అంటే, "అనుకునేదేముంది? చూడాల. ఎవరో ఒకరు చూడాల" అన్నాడట.

పెళ్ళి నుంచి తిరిగి రాగానే ఆయన ఇంటికి వెళ్ళాం. తలుపులో అడ్డంగా నిలబడ్డాడు.

"పిల్లి లేదు."

"అదిగో మామా, డ్రమ్ము మీద కనపడుతోంది."

"ఉంది. మీకు లేదు."

ఎంత బతిమాలినా అంతే. మా ఆవిడ ఏడిస్తే ముఖం తిప్పుకున్నాడు గానీ దారి ఇవ్వలేదు. తర్వాతి శుక్రవారం తనిఖీకి రాలేదు. వచ్చేందుకు మా ఇంట్లో ఇక ఏముంది? మా ఆవిడ గోడౌన్‌లో ఆ చిన్న స్టవ్వు ముందు ఊరికే కూర్చునేది. మునుపు పప్పు చెరుగుతుంటే మినుము ఆమె పాదాల మీద పడుకునేది. అది పోయాక ఆమె పాదాలు ముడుచుకుని కూర్చుని చెరిగేది. అమ్మ అది గమనిస్తోందని మాత్రం నాకు తెలుసు.

ఒకరోజు పొద్దున్నే అమ్మ చీర మార్చుకుని, "పద" అంది. ఎక్కడికని అడగలేదు. మా అమ్మ ఆయన ఉండే వీధికి వెళ్ళడం అదే మొదలు. అత్తయ్య కంగారుగా కుర్చీ వేసి, టీ తెస్తానంది.

"పిల్లినిస్తే తాగుతా," అంది అమ్మ.

ఆయన తలుపు దగ్గరే నిలబడి ఉన్నాడు. "ఏం చెల్లెమ్మా, కొడుకు తోలుకొచ్చాడా?"

"వాడికంత తెలివెక్కడిదన్నా? నేనే వచ్చా. దాన్ని గోడౌన్లో తోలింది నేనే."

"తెలుసు."

"ఎట్టా తెలుసు?"

"శకునం చూసుకునే బుద్ధి గూడా లేదు మీవోడికి."

ఇద్దరూ ఏకాభిప్రాయానికి వచ్చిన మొదటి విషయం అదే. నేను చెప్పుల వంక చూస్తూ నిలబడ్డాను.

"మళ్ళా ఊరెళ్ళరా?" అన్నాడు ఆయన.

"ఎందుకెళ్ళం? పెళ్ళిళ్ళుంటయ్, చావులుంటయ్."

"అది మళ్ళా గడపకాడే కూచుంటది. అప్పుడేం చేస్తావ్? శకునం మానుకుంటావా?"

"ఈ వయసులో మానుకుంటానంటే నువ్వు నమ్ముతావా?"

"నమ్మను."

"నేను గూడా నమ్మను. అందుకే ఆలోచించా." అమ్మ కుర్చీలో ముందుకు జరిగింది. "దాన్ని నా చంకనేసుకుని గడప దాటతా. చంకలో ఉన్న పిల్లి ఎట్టా ఎదురొచ్చిద్దన్నా? అది నాతోపాటే వస్తది గదా. దాటినాక నీ చేతికిచ్చి ఆటో ఎక్కుతా. ఊర్నించి రాగానే ముందు నీ ఇంటికే వచ్చి తీసకపోతా. ఇప్పుడు చెప్పు. దీంట్లో ఎక్కడన్నా చిల్లుందా?"

ఆయన చాలాసేపు అమ్మ చేతుల వంక చూశాడు. తర్వాత నవ్వాడు. ఆయన నవ్వగా చూడటం నాకు అదే మొదలు. ఆ నోట్లో అన్ని పళ్ళున్నాయని నాకు తెలియదు. "కర్రబట్టి తోలినదానివి, చంకనేసుకుంటావా?"

"ఏది, ఇటియ్యి."

మినుమును తెచ్చి ఇచ్చాడు. అమ్మ జీవితంలో పిల్లిని తాకలేదు. పట్టుకోవడం రాక, చంటిపిల్లను ఎత్తుకున్నట్టు భుజాన వేసుకుంది. అది ఆమె మెడ దగ్గర వాసన చూసి, ఏమనుకుందో, అక్కడే తల పెట్టింది. అమ్మ రెండో చేత్తో, అత్తయ్య తెచ్చిన టీ గ్లాసు అందుకుని తాగింది.

తిరిగి వచ్చే దారి మా బజారు మీదుగానే. సరిగ్గా కొట్లు తెరిచే వేళ. భుజాన నల్లపిల్లితో మా అమ్మ నడుస్తోంటే, తాళాలు తీయబోయినవాళ్ళు చేతులు వెనక్కి తీసుకున్నారు. ఒకాయన సగం లేపిన షట్టరు మళ్ళీ దించాడు. కొబ్బరికాయ కొట్టబోతున్న మనిషి కాయ ఎత్తి అలాగే నిలబడిపోయాడు. శకునాల మా అమ్మ ఆ ఉదయం ఊరందరికీ శకునమై నడిచింది. ఎవరి వంకా చూడలేదు. నేను వెనక, సిగ్గుతోనో గర్వంతోనో నాకే తెలియకుండా. నా వెనక, సైకిలు నడిపించుకుంటూ ఆయన.

మా వాకిట్లో అమ్మ వెనక్కి తిరిగింది. "ఏందన్నా, ఇంకా అనుమానమేనా?"

"అనుమానం పోతే మనిషి చూడటం మానేస్తాడు చెల్లెమ్మా," అన్నాడు ఆయన. "వస్తా. శుక్రవారం."

ఆ తర్వాత శుక్రవారాలకు లోటు రాలేదు. వెండి కుందులు బయటే ఉండేవి. మేం ఊరెళ్ళిన ప్రతిసారీ అమ్మ పిల్లిని చంకనేసుకుని గడప దాటడం, ఆయన వాకిట్లో చేతులు చాచి అందుకోవడం, అప్పుడు గూడా "ఎప్పుడొస్తారు? ఆరోజే వస్తారా?" అని గుచ్చి గుచ్చి అడగడం. కిందటి నెల నుంచి ఆయన మంచాన పడి రాలేకపోతే, శుక్రవారం అమ్మే పిల్లిని ఎత్తుకుని ఆయన మంచం దగ్గరికి వెళ్ళేది. పడుకునే డొక్కలు తడిమేవాడు.

నిన్న ముగ్గురం వెళ్ళి చూసి వచ్చాం. ఆయన ఇంట్లో ఇంకా రెండు పిల్లులున్నాయి. ఎవరో అడిగితే అత్తయ్య ఇవ్వనందట.

వచ్చేవారం మహానందికి టికెట్లున్నాయి. అమ్మ మొక్కు, చాలా ఏళ్ళుగా వాయిదా పడుతున్నది. ఈ ఉదయం అమ్మ మినుమును ఒళ్ళో పెట్టుకుని అడిగింది: "గడప దాటినాక దీన్ని ఎవరి చేతికియ్యాలిరా?"

"ఎదురు కొట్టు ఆయన ఉన్నాడుగా."

"లోపల ప్రాణముందంటే, పిల్లి కోసం తాళం కోయిస్తావా అన్నవాడు. ఇంకెవరు?"

"పక్కింటి అమ్మాయి?"

"ఫోన్ చేతిలో ఉంటే పాలు పొంగినా చూడదు."

"మన గుమాస్తా?"

"దీని గుడ్డు వాడు తిని, పెట్టానని చెప్పడూ?"

"అత్తయ్య దగ్గర వదిలితే?"

అమ్మ నా వైపు చూసిన చూపుకు నేనే తలదించుకున్నాను. "ఆమె చేతిలో ఇప్పుడు ఇంకో బరువు పెడతావా?"

కాసేపటికి తనే అంది: "మీరిద్దరూ ఎల్లి రండి. నేనుంటా."

"మొక్కుకున్నది నువ్వు గదమ్మా. మేం పోతే దేవుడు ఏమనుకుంటాడు?"

"ఏమీ అనుకోడు. ఆయనకి పెట్టేవాళ్ళు ఊరూరా ఉన్నారు," అంది అమ్మ, ఒళ్ళో పిల్లి లేవకుండా కాళ్ళు సర్దుకుంటూ. "దీనికెవరున్నారురా?"